పాత ఫోను కొత్త వైఫైకి కలవకపోతే: నా అనుభవం

నల్లగొండ జిల్లా దేవరకొండలోని మా ఇంట్లో కొత్త ఫైబర్ రూటర్ పెట్టించిన నాటి నుంచి, ఆండ్రాయిడ్ 9తో నడిచే నాన్నగారి ఫోనులో పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా వైఫై పేరు కింద ‘అథెంటికేషన్ సమస్య’ అనే వచ్చేది. నా ఫోను మాత్రం వెంటనే కలిసేది. రీస్టార్ట్, నెట్‌వర్క్ రీసెట్, పాస్‌వర్డ్ మార్పు ఏవీ ఫలించలేదు.

కారణం రూటర్ భద్రతా పద్ధతిలో ఉంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా పద్ధతిని ఆండ్రాయిడ్‌లో 10వ వెర్షన్ నుంచే ప్రవేశపెట్టారు. మా రూటర్ కేవలం దానికే సెట్ చేసి ఉంది.

ముందుగా నా ఫోను బ్రౌజర్‌లో, రూటర్ అడుగున స్టిక్కర్ మీదున్న 192.168.1.1 చిరునామా కొట్టి, అక్కడే రాసి ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యాను. వైర్‌లెస్ సెక్యూరిటీలో ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ అనే, పాతదీ కొత్తదీ రెండూ కలిసిన పద్ధతిని ఎంచుకున్నాను. చాలామంది ఇంతవరకే చెబుతారు, కానీ మాకు దీనితో సరిపోలేదు. దాని కిందే ‘పీఎంఎఫ్’ (వైఫై నియంత్రణ సందేశాలకు ఇచ్చే రక్షణ) అనే వరుస ‘రిక్వయిర్డ్’లో, అంటే తప్పనిసరిగా ఉంది, అలా ఉన్నంతకాలం, ఆ రక్షణకు సపోర్ట్ లేని పరికరాలను రూటర్ కలవనివ్వదు. దాన్ని ‘కేపబుల్’కు (సపోర్ట్ ఉన్న పరికరాలకే ఆ రక్షణ) మార్చి సేవ్ చేశాను. తర్వాత నాన్నగారి ఫోనులో ఆ నెట్‌వర్క్‌ను ‘ఫర్గెట్’ చేసి (దీన్ని దయచేసి వదిలేయకండి, ఫోను పాత వివరాలతోనే ప్రయత్నించవచ్చు) పాస్‌వర్డ్ మళ్లీ కొట్టగానే కలిసింది.

అన్ని రూటర్లలోనూ ఈ వరుస కనిపించకపోవచ్చు. అప్పుడు డబ్ల్యూపీఏ2, దానితో ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) ఎంచుకుని చూడవచ్చు గానీ, భద్రత తీసేసి ఓపెన్‌గా మాత్రం ఉంచవద్దు. ‘ఐపీ అడ్రస్ పొందుతోంది’ అన్నచోటే ఆగిపోయే ఫోన్లకు ఇది పనిచేస్తుందని నేను అనుకోవడం లేదు.