ఆరేళ్లలోపు పిల్లల బట్టలు, బొమ్మలు, మాటలు: పింక్–బ్లూ గీత గీయకుండా పెంచడం ఎలా

ఏ బిడ్డా పింక్ మీదో బ్లూ మీదో మోజుతో పుట్టదు. 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 7 నెలల నుంచి 5 ఏళ్ల వయసు పిల్లల ముందు రెండేసి వస్తువులు పెట్టారు. రెండింట్లో ఒకటి ఎప్పుడూ పింకే. రెండేళ్లు వచ్చేదాకా ఆడా మగా తేడా కనిపించలేదు. ఆ తర్వాతే అమ్మాయిలు పింక్ వైపు చెయ్యి చాపడం, అబ్బాయిలు దాన్ని వదిలేయడం మొదలైంది. తాము అబ్బాయో అమ్మాయో పిల్లలకు తెలిసొచ్చేదీ ఇంచుమించు ఆ వయసులోనే. 1918లో అమెరికాలోని పిల్లల దుస్తుల వ్యాపార పత్రిక ఒకటి పింక్ అబ్బాయిలకు, బ్లూ అమ్మాయిలకు అని రాసింది. ఈ గీతను అటూ ఇటూ జరిపింది పెద్దవాళ్లే.

అలాగని ఇంట్లో పింక్‌ని నిషేధించకండి. అది తరచూ జరిగే పొరపాటు. పాపకు పింక్ ఫ్రాక్ కొనివ్వనంటే, ఆ రంగు అంతటి గొప్పదా అని ఆమె మనసు దానిమీదే ఉంటుంది. తీసేయాల్సింది రంగుని కాదు, దాని వెనకే వచ్చే "ఇది నీకు కాదు" అన్న మాటని.

పుట్టినప్పుడు

మన దేశంలో 1994 చట్టం ప్రకారం పుట్టబోయేది ఎవరో చెప్పకూడదు కాబట్టి ముందే రంగు ఎంచుకునే బెడద లేదు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ముందే తెలిసిపోతుంది. పింక్, బ్లూ కేకులతో పుట్టబోయేది పాపో బాబో చెప్పే జెండర్ రివీల్ పార్టీలూ జరుగుతున్నాయి. పార్టీ ఎలా చేసుకున్నా, తెచ్చే గిఫ్టులు ఒకే రంగులో రాకుండా ఆహ్వానంలోనే "పసుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు ఏదైనా సరే" అని ఒక లైను రాయండి.

మొదటి మూడు నెలలకు ఆరు నుంచి ఎనిమిది జుబ్బాలు చాలు, మెత్తటి నూలువి. లేత రంగైతే చీమ పాకినా, మరక పడినా వెంటనే కనిపిస్తుంది. ముదురు రంగువి మొదటి ఉతుకులో విడిగా ఉతకండి. అమ్మమ్మకో నానమ్మకో నచ్చజెప్పడానికి అన్నిటికన్నా పనికొచ్చే మాట డబ్బు సంగతే: "రేపు తమ్ముడు పుట్టినా చెల్లి పుట్టినా ఇవే వాడుకోవచ్చు కదమ్మా."

అన్నప్రాశన పళ్లెంలో కూడా అబ్బాయికి పెట్టే పుస్తకం, కలం, బంగారం, కత్తి, డబ్బు అమ్మాయికీ పెట్టండి. కత్తి తీసేసి పువ్వులు పెట్టే ఇళ్లున్నాయి. పువ్వులు పెట్టాలనిపిస్తే ఇద్దరికీ పెట్టండి.

రెండేళ్ల తర్వాత బట్టలు

అసలు చిక్కు ఇక్కడ రంగు కన్నా కుట్టులో ఎక్కువ. నెట్ ఫ్రాక్, గుచ్చుకునే జరీ అంచు పరికిణీ, జారే సోలున్న మెరుపు చెప్పులు వేసుకున్న పాప జారుడుబల్ల ఎక్కదు. ఎక్కినా మధ్యలో గౌను పట్టుకుని ఆగిపోతుంది. అది చూసి "ఆడపిల్ల కదా, నెమ్మది" అంటారు. నెమ్మది పిల్లది కాదు, బట్టది. పార్కుకి వెళ్లేటప్పుడు ఫ్రాక్ వేసినా లోపల నూలు షార్ట్స్, కాళ్లకి వెనక పట్టీ ఉన్న చెప్పులు ఉండాలి.

జేబు చూడండి. అబ్బాయి నిక్కరుకి రెండు జేబులుంటాయి, రాళ్లూ గోలీలూ దాచుకుంటాడు. అదే వయసు అమ్మాయి గౌనుకి చాలాసార్లు ఒక్కటీ ఉండదు. టైలర్‌తో పక్క కుట్టులో జేబు పెట్టించండి. నాలుగైదేళ్ల పాపకి 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు సరిపోతుంది. నడుముకి రెండంగుళాల కింద మొదలవ్వాలి. పల్చటి గుడ్డైతే జేబు నోటి దగ్గర లోపలివైపు పట్టీ వేయమనండి, లేకపోతే రెండు వారాల్లో చిరుగుతుంది.

బొమ్మలు

ఒకేసారి ఎనిమిది, పది బొమ్మలకి మించి బయట పెట్టొద్దు. మిగతావి అటక మీద ఉంచి రెండు వారాలకోసారి మార్చండి. బయట ఉన్నవాటిలో పేర్చేవి, దొర్లేవి, వంటసామాను, ఎత్తుకుని జోకొట్టే బొమ్మ, గీసుకునేవి తలా ఒకటైనా ఉండాలి. లారీ ఒక డబ్బాలో, లక్కపిడతలు ఇంకో డబ్బాలో పెడితే ఎవరి డబ్బా వాళ్లదైపోతుంది. కలిపి పెడితే లారీలో కూరగాయలు వంటింటికి వస్తాయి. కొత్తగా కొనేటప్పుడు ఏటికొప్పాక లక్క బొమ్మలు చూడండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల బొంగరాన్నీ గిలక్కాయనీ చూసి ఇది అబ్బాయిదా అమ్మాయిదా అని ఎవరూ అడగరు.

మాటలు

"మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనే చోట "ఎక్కడ తగిలింది, చూపించు" అనండి. "అమ్మకి సాయం చెయ్యి" కన్నా "మన కంచాలు మనం తీద్దాం" మేలు. మొదటిది ఆ పని అమ్మదని నేర్పుతుంది. మూడేళ్లకి చెంచాలు సర్దడం, నాలుగేళ్లకి బఠాణీలు ఒలవడం ఇద్దరికీ చెప్పండి.

మెచ్చుకోలు కూడా గమనించండి. పాపని రోజంతా "ఎంత ముద్దుగా ఉన్నావో" అని, బాబుని "ఎంత బలమో" అని ఊరుకోకండి. చేసిన పనిని మెచ్చుకోండి.

నాలుగైదేళ్లకి పిల్లలే పోలీసులవుతారు. "జడ వేసుకుంటే అమ్మాయైపోతాడు" అని గట్టిగా వాదిస్తారు. జడతో, గౌనుతో మనిషి మారిపోడని ఆ వయసుకి ఇంకా నిలకడగా అర్థం కాదు. చాలామందిలో ఆరేడేళ్లకి ఈ పట్టు సడలుతుంది. కోప్పడకుండా ఉదాహరణ చూపండి. పుట్టువెంట్రుకలు తీయకముందు తమ్ముడికి జడ వేసి తీసిన ఫొటో చాలా ఇళ్లలో ఉంటుంది. తెలంగాణలో గులాబీ కండువా వేసుకుని తిరిగే మగవాళ్లెందరో. ఐపీఎల్ జట్టు రాజస్థాన్ రాయల్స్ జెర్సీ పింక్. 2025లో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన మన అమ్మాయిల జట్టుది, అందులో ఆడిన కడప జిల్లా శ్రీచరణిది బ్లూ.

స్కూలు

బాబు పింక్ వాటర్ బాటిల్ ఎంచుకుంటే, ఎవరైనా నవ్వొచ్చని ముందే చెప్పి ఒక్క మాట నేర్పండి: "ఈ రంగు నాకిష్టం." బెదురు లేకుండా వచ్చేదాకా ఇంట్లో ఆటగా నాలుగైదుసార్లు అనిపించండి. మర్నాడు వేరే బాటిల్ కావాలంటే ఇచ్చేయండి. మీ పట్టుదలకి బిడ్డని నిలబెట్టొద్దు. టీచరమ్మతో విడిగా మాట్లాడి, అమ్మాయిల లైను, అబ్బాయిల లైను బదులు పేర్ల వరుసలో నిలబెట్టమని అడగండి. యానివర్సరీ డాన్సు బట్టల చీటీ ఇంటికి రాకముందే, అంటే రిహార్సల్ మొదలయ్యే వారంలోనే రంగుల సంగతి కూడా అడగాలి. గుడ్డ కొన్నాక ఎవరూ మార్చరు.