దుబాయి వెళ్తున్నారా? నెట్ సంగతి ఇక్కడే తేల్చుకోండి

టికెట్ చేతికొచ్చాక ఇంట్లో అందరూ పచ్చళ్ల డబ్బాల గురించీ, లగేజీ ఎన్ని కిలోలన్న దాని గురించీ మాట్లాడతారు గానీ ఫోన్ సంగతి ఎవరికీ గుర్తుండదు. నాకూ గుర్తులేదు. దిగిన మూడో రోజు బ్యాంకు ఆప్ తెరిస్తే ఓటీపీ రాలేదు, ఎందుకంటే ఇండియా సిమ్‌కి రోమింగ్ పెట్టించుకోలేదు.

అందుకే మొదటి పని బయల్దేరకముందే చేయండి. మీ ఇండియా నంబరుకి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి, ఫోన్‌లో డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో పెట్టండి. వచ్చే ఎస్‌ఎంఎస్‌లకు మామూలుగా డబ్బు పడదు, కాబట్టి ఓటీపీ కోసం ఆ సిమ్ రెండో స్లాట్‌లో కూర్చుంటే చాలు. రీచార్జ్ చేసే బాధ్యత తమ్ముడికో చెల్లికో అప్పగించండి. వాడకం లేకుండా 90 రోజులు దాటితే నంబరే పోవచ్చు, తర్వాత తెచ్చుకోవడం కష్టం. ఇంకో దారి కూడా ఉంది: ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇక్కడి బ్యాంకులిచ్చేవి) ఉన్నవాళ్లు యూఏఈ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చని 2023లో అనుమతి వచ్చింది, మీ బ్యాంకు ఇస్తుందో లేదో కనుక్కోండి.

ఇక అక్కడి సిమ్. ఉన్న కంపెనీలు ఎతిసలాత్ (ఇప్పుడు e& అనే పేరు), డూ (వర్జిన్ మొబైల్ కూడా డూ వాళ్ల గొడుగు కిందిదే). విజిట్ మీద వస్తే పాస్‌పోర్టు చూపించి టూరిస్టు సిమ్ తీసుకోవచ్చు, రెసిడెన్స్ వీసా అయ్యి ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) వచ్చాక మాత్రం దాని మీద మీ పేరుతో సిమ్ తీసుకోండి. ‘నా దగ్గర ఇంకో సిమ్ ఉంది అన్నా, వాడుకో’ అని రూమ్‌లో ఎవరైనా ఇస్తారు, ప్రేమగానే ఇస్తారు, కానీ తీసుకోకండి. అక్కడ బ్యాంకు నుంచి ప్రభుత్వ ఆప్‌ల దాకా అన్నీ ఆ నంబరుకే ముడిపెడతారు, నంబరేమో ఐడీకి కట్టి ఉంటుంది. సిమ్ ఇచ్చినాయన వీసా క్యాన్సిల్ కొట్టించుకుని ఊరెళ్లిపోయిన రోజు మీ నంబరూ పోతుంది. ఐడీ రెన్యువల్ అయినప్పుడు కొత్త వివరాలు సిమ్ కంపెనీకి ఇవ్వడం కూడా మర్చిపోవద్దు, లేకపోతే లైన్ ఆపేస్తారు.

రూమ్ వైఫై దగ్గరే అసలు గొడవలు. దుబాయిలోని దేరాలో ఒకే రూమ్‌లో ఆరుగురం ఉండేవాళ్లం, కనెక్షన్ ఒకతని పేరు మీద, డబ్బు ఆరుగురిదీ. ఇంటి లైన్లకు చాలావరకు 24 నెలల కాంట్రాక్టు ఉంటుంది, గడువులోపు తీయిస్తే ఎగ్జిట్ చార్జీ కట్టాలి. అతనికి పదో నెలలో వేరే ఉద్యోగం దొరికింది, అబుదాబి వెళ్లిపోయాడు, ఆ చార్జీ ఎవరు కట్టాలని రెండు రోజులు అన్నం దగ్గర కూడా అదే పంచాయితీ. ఇప్పుడైతే నేను చేరే ముందే అడుగుతాను: లైన్ ఎవరి పేరు మీద, కాంట్రాక్టు ఎన్ని నెలలు మిగిలింది, మధ్యలో ఖాళీ చేస్తే ఎవరు కడతారు. వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టుకోండి, మొహమాటపడొద్దు. ఏడాదిలోపే మారిపోయే బెడ్‌స్పేస్ (రూమ్‌లో ఒక మంచం వరకే అద్దె) అయితే లైన్ జోలికే పోకుండా పెద్ద డేటా ప్యాక్‌తో గడిపేయడం మేలు. కొన్ని లేబర్ క్యాంపుల్లో వారానికో నెలకో డబ్బు కట్టే వైఫై ఉంటుంది, పక్క బెడ్ అతని ఫోన్‌లో రాత్రి పదింటికి స్పీడ్ ఎంతుందో చూసి కొనండి, పొద్దున చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

ఇంటికి కాల్ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే దిగగానే అందరూ కంగారుపడేది ఇక్కడే. వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, వాయిస్ మెసేజ్ పోతుంది, కాల్ మాత్రం కలవదు. ఫోన్ పాడవలేదు, ఆ దేశంలో నెట్ కాల్స్‌కి అనుమతి ఉన్న ఆప్‌లే పనిచేస్తాయి: బోటిమ్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటివి. వాటిలో ఒకటి అమ్మ ఫోన్‌లో మీరే ఎక్కించి, పక్క గదిలోంచి రెండుసార్లు కాల్ చేసి అలవాటు చేసి వెళ్లండి. టైం కూడా చూసుకోవాలి, మీకు రాత్రి పది అంటే ఊళ్లో పదకొండున్నర.

‘వీపీఎన్ వేసుకో, అన్నీ వస్తాయి’ అని చెప్పేవాళ్లు బోలెడు మంది. వీపీఎన్ అంటే మీరు ఏ దేశంలోంచి నెట్ వాడుతున్నారో కనబడకుండా చేసే ఆప్. ఆఫీసు పనికి కంపెనీ ఇచ్చే వీపీఎన్ వేరే సంగతి. తప్పు చేయడానికో, చేసిన తప్పు బయటపడకుండా ఉండటానికో వీపీఎన్ వాడితే 2021 నాటి సైబర్ చట్టం కింద జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. నెలకు 1,500 దిర్హాములు సంపాదించేవాడు ఒక వీడియో కాల్ కోసం ఆ దారిలో ఎందుకు వెళ్లాలి?

తిరిగి వచ్చేసేటప్పుడు పోస్ట్‌పెయిడ్ సిమ్మూ, ఇంటి లైనూ క్యాన్సిల్ చేయించి, రౌటర్ అప్పగించి, బాకీ లేదన్న కాగితమో మెసేజో ఫోటో తీసి దాచుకోండి. వీసా క్యాన్సిల్ కాకముందే, ఆ నంబరు ఇంకా మీ చేతిలో పనిచేస్తున్నప్పుడే ఈ పని అయిపోవాలి.