మౌంటెన్ లయన్‌కి వీపు చూపించొద్దు

2024 మార్చిలో కాలిఫోర్నియాలోని జార్జ్‌టౌన్ దగ్గర, రాలిన జింక కొమ్ములు ఏరుకోవడానికి అడవిలోకి వెళ్లిన అన్నదమ్ముల మీద మౌంటెన్ లయన్ (ప్యూమా అనే పెద్ద అడవి పిల్లి) పడింది. 21 ఏళ్ల అన్న చనిపోయాడు, తమ్ముడు గాయాలతో బతికాడు. ఆ రాష్ట్రంలో 2004 తర్వాత అలాంటి చావు అదే మొదటిది, కాబట్టి అక్కడి అడవుల్లో క్యాంపింగ్ ట్రిప్ వేసుకున్నవాళ్లని క్యాన్సిల్ చేసుకోమని నేను చెప్పను. బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా), పర్మిట్ లాంటివి మీకు తెలిసినవే.

నేను చెప్పేది ఒక్కటే. పరిగెత్తొద్దు. వీపు చూపించొద్దు.

పోయినేడాది కాలిఫోర్నియాలోని సియెరా కొండల్లో, పొద్దు వాలాక క్యాంపుకి వస్తుంటే పొదలో ఆకులు గలగలమన్నాయి. ఎవరో "లయన్!" అన్నారు. అంతే, నలుగురు మగాళ్లం అంతంత బ్యాగులు వేసుకుని ఒకటే పరుగు. కాస్త దూరం పోయి చూస్తే మా అక్క కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, చేతిలో సగం తిన్న గ్రనోలా బార్‌తో అక్కడే నిలబడి ఉంది. పొదలోంచి వచ్చింది జింక! ఇంటికొచ్చేదాకా అక్క మాతో మాట్లాడలేదు.

ఈ జంతువు జింకల్ని వేటాడేది, దొంగచాటుగా వెనకనుంచి దూకి మెడ పట్టుకుంటుంది. పరిగెత్తామా, మనమూ దాని కంటికి జింకలమే. 2018లో వాషింగ్టన్ రాష్ట్రంలో నార్త్ బెండ్ దగ్గర ఇద్దరు సైక్లిస్టులు మొదట దాన్ని అరిచి బెదరగొట్టారు కూడా. అది మళ్లీ వచ్చి ఒకరి తల పట్టుకుంది. రెండో మనిషి పరిగెత్తగానే మొదటివాణ్ణి వదిలేసి అతని వెంట పడి చంపేసింది. అతన్ని తప్పు పట్టను, అక్కడ నేనున్నా అదే చేసేవాణ్ణేమో. 2020లో యూటాలో ప్రోవో దగ్గర, పిల్లలున్న తల్లి లయన్ ఒకతన్ని ఆరు నిమిషాలు వెంటాడింది, అతను దాన్నే చూస్తూ, తిడుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. చివరికి రాయి విసిరితే పోయింది. రాళ్ల దారిలో అలా నడవడం ఎంత కష్టమో, బ్యాగ్ వేసుకుని మీ వీధిలోనే ఒకసారి నడిచి చూడండి.

పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వొద్దు. లయన్ కనిపిస్తే పిల్లల్ని ఎత్తుకోండి, నడుం పూర్తిగా వంచకుండా, కళ్లు దాని మీంచి తీయకుండా. బ్యాగ్ విప్పొద్దు, మెడకీ వీపుకీ అదే అడ్డం. జాకెట్ రెండు చేతులతో పైకెత్తి గట్టిగా అరవండి, తెలుగులోనైనా పర్లేదు. వాగు దగ్గర ఒకరు వంగి నీళ్లు పడుతుంటే ఇంకొకరు నిలబడి చూడాలి. చీకట్లో ఒంటికి, రెంటికి ఒక్కరే పోవద్దు. ఇయర్‌బడ్స్ తీసెయ్యండి. ఆకులు, మట్టి కప్పిన జింక కళేబరం కనిపిస్తే అక్కణ్ణుంచి వెంటనే కదలండి, అది దాచుకున్న తిండి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్‌లోకి బేర్ స్ప్రే (ఎలుగుబంట్లని తరిమే కారం స్ప్రే) తీసుకెళ్లనివ్వరు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వీడియో తీయొద్దు. మీద పడితే చచ్చినట్టు పడుకోవద్దు, ఇద్దరు స్నేహితులూ ఎలుగుబంటీ కథ ఇక్కడ పనికిరాదు. రాయి, కర్ర, పిడికిలి, ఏది దొరికితే దాంతో కొట్టండి. పరిగెత్తొద్దు. బయటపడ్డాక ఎక్కడ, ఎన్నింటికి కనిపించిందో రేంజర్‌కి చెప్పండి, మీ వెనకాలే ఇంకో గ్రూప్ వస్తుంటుంది.