ఓడ ప్రయాణం, 4వ పాఠం: వేళ మన ఇష్టం, బల్ల వాళ్ళ లెక్క

ఈసారి అదనపు డబ్బు కట్టి తినే రెస్టారెంట్ల గురించి రాయాలనుకున్నాను. కుదరలేదు. విహార ఓడలో పెద్ద భోజనశాలకు రాత్రి మనకు నచ్చిన వేళకే వెళ్ళి తినవచ్చని పోయిన పాఠంలో రాశాను. అది చదివి ఓడెక్కిన మూడు కుటుంబాలు తిరిగొచ్చి నన్ను ఫోన్లో నిలదీశాయి. విజయనగరం దంపతులు, వేళ మన ఇష్టమేనన్నారు కదా అని ఏమీ బుక్ చేయకుండా రాత్రి ఏడింటికి వెళ్ళి నలభై నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడ్డారు. శ్రీకాకుళం నుంచి వెళ్ళిన తొమ్మిది మంది బుక్ చేసుకుని కూడా మూడు మూలల్లో కూర్చుని తిన్నారు. మూడో ఆయనకు ఓడ సంస్థ యాప్ అంతా గాలించినా బుక్ చేసే చోటే కనిపించలేదు.

మూడో ఆయన విషయంలో తప్పు నాది. అన్ని ఓడలకూ ఒకటే పద్ధతి అన్నట్టు రాశాను. రాయల్ కరీబియన్ అనే సంస్థ ఓడల్లో ‘మై టైమ్’ అనే నచ్చిన వేళ భోజనం తీసుకుంటే ఏ రాత్రి ఎన్నింటికో ముందుగానే పెట్టుకోవచ్చు. కార్నివాల్ సంస్థలో అలాంటిదే అయిన ‘యువర్ టైమ్’లో ముందస్తు బుకింగ్ ఉండదు. హాలు తెరిచాక, ఆకలి వేసినప్పుడు, యాప్‌లో ఎంతమందో చెప్పి వరుసలో చేరాలి. బల్ల సిద్ధమైతే సందేశం వస్తుంది. ఫోనును ఓడ వైఫైకి కలిపితే చాలు, దీనికోసం ఇంటర్నెట్ ప్యాకేజీ కొననక్కరలేదు.

కొత్తవారి కోసం ఒక్క మాట. ఓడల్లో పాత పద్ధతి మన పెళ్ళి బంతి లాంటిదే. మొదటి బంతి సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య; రెండో బంతి ఎనిమిది ప్రాంతంలో. రోజూ అదే బల్ల, అదే వడ్డించే మనిషి. 2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ అనే సంస్థ ‘ఫ్రీస్టైల్’ పేరుతో ఈ బంతుల కట్టుబాటు తీసేసింది. తరవాత మిగతా సంస్థలు కూడా తమ తమ పేర్లతో ఇలాంటి వీలు కల్పించాయి. దీన్ని బఫే అనుకోకండి. కూర్చోబెట్టి వడ్డించే భోజనమే, వేళ మాత్రం మనం ఎంచుకుంటాం.

విజయనగరం దంపతులకు నా జవాబు చిన్నది: ఆరున్నర నుంచి ఏడున్నర దాకా అందరికీ ఒకేసారి ఆకలి వేస్తుంది. నేనైతే ఎనిమిదీ ఇరవైకి వెళ్తాను. మన ఇళ్ళలో అంతకుముందు కంచం పెట్టే అలవాటు ఎక్కడుంది? తొమ్మిది దాటాక మాత్రం తలుపు మూసే వేళ చూసుకోండి.

ఇక తొమ్మిది మంది సంగతి. ఇది రాస్తుంటేనే నాకు చిరాకు వస్తోంది, ఎందుకంటే ఎనిమిదేళ్ళు అలాంటి హాళ్ళలో పళ్ళేలు మోసినవాణ్ణి. వాళ్ళు మూడు గదులు, మూడు బుకింగ్ సంఖ్యలు తీసుకున్నారు. ఎవరి ఫోన్లో వాళ్ళు ఏడున్నర అని నొక్కారు: నలుగురు, ముగ్గురు, ఇద్దరు. కంప్యూటర్‌కు వీళ్ళు ఒకరికొకరు ఏమీ కాని మూడు జట్లు. గుమ్మం దగ్గరికెళ్ళి ‘మేమంతా ఒక్కటే’ అంటే తొమ్మిది కుర్చీల బల్ల అప్పటికప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? ఆర్టీసీ కాంప్లెక్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు అక్కడ ఆపలేం. బుకింగ్ అంటే ఫలానా వేళకు ఇంతమందికి చోటని వాళ్ళు వేసుకున్న లెక్క, అంతే.

‘ఇంకో కుర్చీ వేయవచ్చు కదా’ అన్నారు ఫోన్లో. కల్యాణ మండపంలో ఇంకో విస్తరి వేస్తారు, నిజమే. కానీ మూతలు పెట్టిన పళ్ళేలు దొంతరగా పేర్చిన ట్రే భుజాన ఎత్తుకుని, ఓడ ఓ పక్కకు ఒరుగుతుంటే ఆ బల్లల మధ్య సందులో నడిచి చూడండి. మోచేతి కింద ఏముందో కనిపించదు. ఆ సందులోనే మీ బావగారి కుర్చీ ఉంటుంది. ఒకసారి నలుగురికి బుక్ చేసిన కుటుంబం అయిదేళ్ళ మనవడితో వచ్చింది. వాడు ఒళ్ళో కూర్చుంటాడట! పసిపాప ఎత్తు కుర్చీ కూడా ఒక తలగానే లెక్క. అడ్డపంచె కట్టుకున్న ముత్తాతా ఒక తలే.

కాబట్టి బయలుదేరకముందే ఏజెంటుకు గానీ సంస్థకు గానీ ఫోన్ చేసి, మూడు బుకింగులనూ భోజనానికి ఒకటిగా కలపమనండి. ఆ తరవాత ఒక్కరే తొమ్మిది మందికి వేళ పెట్టాలి. ఇది చేయకుండానే ఓడెక్కితే, మొదటి రోజు మధ్యాహ్నం, పెట్టెలు గదికి చేరేలోపే, భోజనశాల పెద్దను కలవండి. మూడు సంఖ్యలూ రాసిన కాగితం చేతికివ్వండి. నోటితో చెబితే అంకెలు తారుమారవుతాయి.

నాకిష్టమైన కిటుకు ఒకటుంది. ఈ పద్ధతిలో పోయేది వడ్డించేవారితో చనువు. మొదటి రాత్రి వడ్డించిన మనిషి నచ్చితే, మిగతా రాత్రులు అదే వేళకు అతని బల్లల వైపే చోటు అడగండి. మన శాకాహారులకు ఇది మరీ అవసరం. చాలా ఓడల్లో భారతీయ కూరలు కావాలంటే ముందురోజు రాత్రే చెప్పాలి. మనిషి మారితే ఆ కబురు దారిలోనే ఆగిపోతుంది.

ఇంకొకటి, రేవుల్లో ఫోను గడియారం దానంతటదే మారవచ్చు. భోజనానికి ఓడ గడియారమే ప్రమాణం.

అభ్యాసం: ఏడు రాత్రుల ప్రయాణం, మూడు గదులు, తొమ్మిది మంది. పెద్దావిడ శాకాహారి, మాత్ర వేసుకోవాలి కనుక ఏడు లోపు తినాలి. ఇద్దరు కుర్రాళ్ళకు రెండో రాత్రి ఎనిమిదింటి ప్రదర్శన చూడాలని ఉంది. మూడో రోజు అందరూ రేవు నుంచి ఏడుంబావుకు గానీ ఓడకు తిరిగిరారు, పెద్దావిడ మాత్రం ఓడ దిగదు. అయిదో రాత్రి ఒక జంట వేరే రెస్టారెంటులో తింటుంది. ఏ రాత్రి ఎన్నింటికి, ఎన్ని తలలు, ఎవరి బుకింగ్ సంఖ్య మీద అన్నది ఏడు వరుసల్లో కాగితం మీద రాయండి. ఫోన్లో వద్దు. అయిదో వరుసలో తొమ్మిది అని రాసినవారు నాకు ఫోన్ చేసే ముందు, ఆ మనవడి సంగతి మళ్ళీ చదవండి.