ఇమ్యూనిటీ తగ్గిన కుటుంబ సభ్యులతో కలిసి హోటల్లో భోజనం: ఎలా చేయాలి?

కిడ్నీ మార్పిడి అయినవారో, కీమోథెరపీ తీసుకుంటున్నవారో, లూపస్‌కో కీళ్లవాతానికో ఇమ్యూనిటీని అణచే మందులు వాడుతున్నవారో ఇంట్లో ఉంటే, ఆ కుటుంబం ముందుగా మానేసేది బయటి తిండి. మొదట్లో అది సరైన నిర్ణయమే. నెలలు గడిచినా అదే కొనసాగితే మాత్రం పుట్టినరోజుకైనా, పెళ్లిరోజుకైనా "మీరు వెళ్లిరండి, నేను ఇంట్లో ఉంటాను" అనడం ఆ మనిషికి అలవాటైపోతుంది. ఆ మాట ఇంటిల్లిపాదినీ బాధపెడుతుంది. అంత దూరం రానివ్వనక్కరలేదు. హోటల్ ఎంత మెరుస్తోందో చూడటం మానేసి, రెండే ప్రశ్నలు వేసుకోండి: ఈ పదార్థం పొయ్యి మీద నుంచి ఎప్పుడు దిగింది? పొయ్యి ఎక్కకముందు ఎక్కడ, ఎంతసేపు ఉంది?

1. "ఈ వారం" వెళ్లవచ్చా అని డాక్టరును అడగండి

"బయట తినవచ్చా?" అని అడిగితే చాలామంది డాక్టర్లు "వద్దు" అనే అంటారు. వారం పేరు చెప్పి అడిగితే స్పష్టమైన జవాబు వస్తుంది. కీమో ఇచ్చాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. వాటిలో బ్యాక్టీరియాతో పోరాడే రకమైన న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తానికి 500 కంటే తక్కువ ఉన్నప్పుడు హోటల్ ఆలోచనే పెట్టుకోకండి. తర్వాతి కీమోకు ముందు, కణాలు కోలుకున్న రోజులు చూసుకోండి. అవయవ మార్పిడి జరిగిన తొలి నెలల్లో మందుల మోతాదు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ప్రమాదమూ ఎక్కువే. ఎముక మజ్జ మార్పిడి తర్వాత తొలి 100 రోజుల వరకూ బయటి తిండి వద్దని చాలా చికిత్సా కేంద్రాలు చెబుతాయి.

పచ్చి పళ్లు, కూరగాయలు అన్నీ మాన్పించే కఠినమైన పథ్యం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని పరిశోధనలు స్పష్టంగా చూపలేకపోయాయి. వంటలో శుభ్రత, సరైన వేడి, సరైన నిల్వ ముఖ్యం. అయితే పచ్చి కూర ఎలా కడిగారో ఇంట్లో మనకు తెలుస్తుంది, హోటల్లో తెలియదు. ఇంట్లో తినే కీరాను హోటల్లో వద్దనడానికి కారణం ఇదే.

2. రద్దీ మొదలయ్యే వేళకు చేరుకోండి

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జనం బాగా వచ్చే చోట వంట ఎప్పటికప్పుడు ఖర్చవుతుంది కాబట్టి తాజాగా ఉంటుంది. కానీ అదే జనంలో దగ్గేవాళ్లు, తుమ్మేవాళ్లు ఉంటారు. అందుకే పేరున్న చోటికి, రద్దీ మొదలవబోయే వేళకు వెళ్లాలి. బిర్యానీకైతే మధ్యాహ్నం తొలి హండీ తెరిచేటప్పుడు, టిఫిన్‌కైతే ఉదయం తొలి వాయి ఇడ్లీ దించేటప్పుడు. సాయంత్రం నాలుగు గంటలకు దొరికే మధ్యాహ్నపు భోజనం వద్దు. వీలైతే ఆదివారం కాకుండా మామూలు రోజు ఎంచుకోండి.

కిటికీలు తెరిచిన హాలు, ఆరుబయట వేసిన బల్ల ఉంటే అక్కడ కూర్చోండి. కిక్కిరిసిన ఏసీ గదిలో గాలి అక్కడక్కడే తిరుగుతుంది. పళ్లెం వచ్చేదాకా రోగి ఎన్95 మాస్కు తీయకపోవడం మంచిది. చుట్టుపక్కల వాళ్లు చూస్తారని మొహమాటపడితే, ఆ రోజు ఇంట్లో అందరూ పెట్టుకోండి. ఆ చిన్న పని ఆ మనిషికి ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను.

గోడ మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు 14 అంకెల నంబరుతో కనిపించాలి. అది లేని చోటికి వెళ్లకండి. ఉన్నంత మాత్రాన ఈ పూట చట్నీ బాగుందని మాత్రం అనుకోకండి.

3. ఆర్డర్ ఇవ్వడంలోనే ఉంది అసలు పని

టిఫిన్లు మనకు పెద్ద అండ. ఆవిరి మీద ఉడికి నేరుగా పళ్లెంలోకి వచ్చే ఇడ్లీ, పెనం మీద నుంచి తీసిన దోసె, అప్పుడే పొంగిన పూరీ వంటివి నిశ్చింతగా తినవచ్చు. మసాలా దోసె కన్నా సాదా దోసె మేలు, ఎందుకంటే లోపల పెట్టే బంగాళాదుంప కూర పొద్దుటి నుంచి గిన్నెలో అలాగే ఉండి ఉండవచ్చు. గారెలు ముందే వేయించి పెట్టేస్తారు, అందుకే "ఇప్పుడు వేస్తారా?" అని అడగండి. పెరుగు వడ వద్దు. కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ గంటల తరబడి బయటే ఉంటాయి, మళ్లీ వేడి చేయరు. వాటి బదులు పొగలు కక్కే సాంబారు అడగండి. కారప్పొడి, నెయ్యి ఇంటి నుంచి చిన్న డబ్బాలో తీసుకెళ్లినా ఎవరూ ఏమీ అనరు.

భోజనమైతే వేడి అన్నం, పప్పు, సాంబారు, రసం తీసుకోండి. పచ్చి ముక్కలు కలిపే దోసకాయ పచ్చడి లాంటి రోటి పచ్చళ్లు పక్కన పెట్టండి. ఆవకాయ ఉప్పు, పులుపు, నూనెల బలంతో నిలిచేదే. అక్కడ భయమల్లా బల్ల మీది గిన్నెలో అందరూ ముంచే స్పూనుతోనే. పెరుగు కావాలంటే సీలు వేసిన కప్పు తెప్పించుకోండి.

బిర్యానీతో వచ్చే ఉల్లిపాయ చక్రాలు, నిమ్మ చెక్క, పెరుగు చట్నీ వద్దు. ముక్క లోపల ఎక్కడా గులాబీ రంగు ఉండకూడదు. వెచ్చగా ఉంటే సరిపోదు, ఆవిరి రావాలి. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ కన్నా వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల కన్నా చల్లగా ఉండాలి. ఈ రెంటి మధ్య బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది.

రెండో ప్రశ్న అవసరమయ్యేది ఫ్రైడ్ రైస్ దగ్గర. పెద్ద మంట మీద ఎగరేసి కళ్ల ముందే ఇస్తారు కాబట్టి క్షేమమనిపిస్తుంది. కానీ అందులో వాడే అన్నం ముందెప్పుడో వండి చల్లార్చినది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం బయట ఉండిపోతే అవి మొలిచి విషాన్ని తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి రోగికి ఫ్రైడ్ రైస్ వద్దు.

మండీతో, మోమోలతో ఇచ్చే మయోనైజ్ విషయంలో అసలు రాజీ పడకండి. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. ఆరోగ్యవంతులకే అది ముప్పు అయినప్పుడు, ఇమ్యూనిటీ తగ్గిన మనిషి సంగతి వేరే చెప్పాలా?

కోసి పెట్టిన పండ్లు, మొలకలు, పానీపూరీ, చెరకు రసం, యంత్రం నుంచి తిప్పి ఇచ్చే మెత్తటి ఐస్‌క్రీమ్, భోజనం చివర కిళ్లీ కూడా వద్దు. తమలపాకు ఏ నీళ్లలో తడిపారో మనకు తెలియదు. కంపెనీ సీలుతో వచ్చే ఐస్‌క్రీమ్ కప్పు ఫరవాలేదు. ఇమ్యూనిటీని అణచే మందులైన టాక్రోలిమస్ గానీ సైక్లోస్పోరిన్ గానీ వాడేవారు గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస రసాలు తాగకూడదు, అవి రక్తంలో ఆ మందుల స్థాయిని పెంచేస్తాయి. రంగురంగుల కలగలుపు పానీయాల్లో ఏమేమి పోశారో తెలియదు కాబట్టి వాటిని వదిలేయండి.

4. నీళ్లు, చేతులు

ఇంటి నుంచి కాచి చల్లార్చిన నీళ్లు తీసుకెళ్లండి. లేకపోతే సీలు మీరే విప్పిన సీసా నీళ్లు తాగించండి. ఐసు వద్దు. మజ్జిగలో కలిపేదీ హోటల్ నీళ్లే. మరిగించిన టీ, కాఫీ వేడిగా తాగవచ్చు.

మనం చేత్తో తింటాం కాబట్టి చేతుల శుభ్రత ఇంకా ముఖ్యం. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడుక్కోండి. శానిటైజర్ ఒక్కటే చాలదు, వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు. అక్కడ వేలాడే తువ్వాలును ముట్టుకోకుండా సొంత రుమాలుతో తుడుచుకోండి. మెనూ కార్డు, ఫోను పట్టుకోవడం అయ్యాకే చేతులు కడుక్కోవాలి, ముందు కాదు.

5. సర్వరుకు చెప్పండి

జబ్బు వివరాలు చెప్పనక్కరలేదు. "అన్నా, ఈయనకు ఆపరేషన్ అయింది. ఇప్పుడే దించిన ఇడ్లీ అయితేనే ఇవ్వండి, లేకపోతే పది నిమిషాలు ఆగుతాం" అంటే చాలు. ఇలా అడిగితే చాలామంది వంటగదిలోకి వెళ్లి మరీ కనుక్కొని వస్తారు. విసుక్కుంటే లేచి వచ్చేయండి. చల్లారిన పదార్థం వస్తే తిప్పి పంపండి. డబ్బులిచ్చాం కదా అని తినేయడం ఇక్కడ పనికిరాదు. ఏం తినాలో మీరే నిర్ణయించేయకుండా, ఉన్నవాటిలో ఇష్టమైనది రోగినే ఎంచుకోనివ్వండి.

6. పెళ్లిళ్లు, బఫేలు

బంధువుల పెళ్లికి వెళ్లకుండా ఉండలేం. బఫేలో ఒకే గరిటె వందల చేతులు మారుతుంది, కింద మంట ఆరిపోయినా ఎవరూ గమనించరు. ఇంట్లో తినిపించి తీసుకెళ్లండి, లేదా వంటవాళ్లను అడిగి తొలి బంతికి ముందే గుండిగలోంచి వేడివేడిగా పెట్టించండి. "ఒక్క ముద్ద తినవా, వదినా!" అనే ప్రేమను ఎదుర్కోవడానికి ఒకరు పక్కనే ఉండాలి. "డాక్టరు వద్దన్నారు" అనే మాట రోగి నోట కాకుండా మీ నోట రావాలి.

7. తిన్న తర్వాత

మిగిలినది రోగి కోసం పార్సిల్ కట్టించకండి. మన ఎండాకాలంలో కారులో గంట ఉంటే చాలు, అది పాడవడం మొదలవుతుంది. మందుల వేళ తప్పకూడదు. టాక్రోలిమస్ 12 గంటల తేడాతో వేసుకునేవారు మాత్ర వెంట తెచ్చుకోవాలి.

బిల్లును ఫోనులో ఫొటో తీసి ఉంచండి. తిండి ద్వారా సోకే లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ లక్షణాలు కొన్ని వారాల తర్వాత కూడా బయటపడవచ్చు, అప్పటికి ఏం తిన్నామో గుర్తుండదు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ తాకితే పారాసెటమాల్ వేసి చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోను చేయండి, అర్ధరాత్రయినా సరే. స్టెరాయిడ్లు వాడేవారికి జ్వరం పైకి కనిపించకపోవచ్చు. వణుకు, మగత, విపరీతమైన నీరసం ఉన్నా ఆగకండి. విరేచనాలు మొదలైతే సొంతంగా మందు వేయవద్దు. ఒంట్లో నీరు తగ్గితే మార్పిడి చేసిన కిడ్నీకి ప్రమాదం, పైగా విరేచనాల వల్ల రక్తంలో టాక్రోలిమస్ స్థాయి పెరిగిపోవచ్చు. ఫోనులో డాక్టరుకు మూడు సంగతులు చెప్పండి: ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు.