నలుపు మీద ఆకుపచ్చ తేలట్లేదా?

మా మరిది పెళ్లికి ఆకుపచ్చ చీర. గోళ్లకి నల్లరంగేసి, మన కోనసీమ తీరులో పైన కొబ్బరాకులు గీద్దామని కూర్చున్నా. "పెళ్లికి నలుపేంటమ్మా?" అని అత్తయ్యగారు సణిగారు, అది వేరే సంగతి. అమలాపురంలో కొన్న ఆకుపచ్చ సీసాలో మెరిసిపోయింది, నలుపు మీద పెడితే అమాస చీకట్లో అరటాకే! పూత మీద పూత వేశా. పైకి ఆరినట్టే ఉందిగానీ, తెల్లారేసరికి గోళ్ల నిండా దుప్పటి నేత అచ్చు.

అంతా తుడిచి మళ్లీ మొదలెట్టా. ముందు బేస్ కోటు (రంగు కింద వేసే పూత), లేకపోతే ముదురు ఆకుపచ్చ గోరుకి మరక పట్టేస్తుంది. నలుపు పల్చగా 2 పూతలు, మధ్యలో 10 నిమిషాలు. అసలు కిటుకు తెలుపులో ఉంది: ఆకుని ముందు తెల్లరంగుతో గీసి, ఆరాక సరిగ్గా దాని మీదే ఆకుపచ్చ దిద్దా. అప్పుడు తేలింది. బ్రష్ బదులు కొబ్బరి చీపురు పుల్ల (కొత్తది సుమండీ!). నడి ఈనెకి ఒక గీత, రెండు పక్కలా చిన్న వాలు గీతలు. ఎడమ చేత్తో గీయలేక కుడి చేతికి ఆకుపచ్చ వేసి నల్ల చుక్కలు పెట్టేశా, దానికి తెలుపుతో పనే లేదు.

గీతలు ఆరకుండానే టాప్ కోటు (అన్నిటి పైనా వేసే చివరి పూత) వేసి బొటనవేలు ఒకటి పాడుచేసుకున్నా. పెళ్లిలో అది కొంగు చాటునే ఉంది.