జలియన్‌వాలాబాగ్ పాఠ్యసామగ్రి తయారీకి ముందు పాటించవలసిన జాగ్రత్తలు

1919 ఏప్రిల్ 13న, వైశాఖి పండుగ నాడు అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్ తోటలో జరిగిన కాల్పుల గురించి పదేళ్ల పిల్లలకు పాఠం సిద్ధం చేసేవారు బొమ్మలు గీయించకముందే ఈ విషయాలు సరిచూసుకోవాలి.

• శవాలను, నెత్తుటి మడుగులను చూపవద్దు. తూటా దిగి గుంతపడిన ఇటుకనూ, గుర్తుగా దాని చుట్టూ గీసిన తెల్లని గడినీ దగ్గరగా చూపితే చాలు. ఆ గుంతను చూసి పిల్లలు అడిగే ప్రశ్నలే పాఠాన్ని నడిపిస్తాయి. తూటాలను తప్పించుకోవడానికి జనం దూకిన బావి సంగతిని, తరగతి మనఃస్థితి తెలిసిన ఉపాధ్యాయుల విచక్షణకే వదలడం మేలని నా నమ్మకం.

• మృతుల సంఖ్యను ఒక్కటిగా ఇవ్వవద్దు. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం 379 మంది అన్నదనీ, కాంగ్రెస్ విచారణ సంఘం అంతకన్నా చాలా ఎక్కువ మంది అన్నదనీ రెండూ రాసి, ఈ తేడా ఎందుకు వచ్చిందో పిల్లల చేత ఆలోచింపజేయాలి.

• బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ హెచ్చరిక లేకుండానే కాల్పులు జరిపించాడన్న నిజాన్ని మెత్తబరచకూడదు. అలాగని ఆ నేరాన్ని ఒక జాతి మొత్తానికి అంటగట్టే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు.

• కాల్పులను పిల్లల చేత నటింపజేయవద్దు.

• చివర ఒక ఖాళీ పుట ఉంచి, అందులో పిల్లలు రాసినదానికి, గీసినదానికి మార్కులు వేయవద్దని ఉపాధ్యాయుల సూచనల్లో స్పష్టంగా రాయాలి.